సూర్యుడు నిజంగా ఓంకారం చేస్తున్నాడా? అంతరిక్ష ‘శబ్దాల’ వీడియోల్లో మనం వింటున్నదేమిటి

క్లుప్తంగా: ఆన్‌లైన్‌లో తిరిగే అంతరిక్ష శబ్దాల్లో మైకు పెట్టి రికార్డు చేసినవి చాలా కొద్ది. మిగతావాటిలో కొన్ని పరికరాల కొలతలను చెవికి వినపడేలా మార్చినవి, ఇంకొన్ని ఉత్త నేపథ్య సంగీతం. కొలతను శబ్దంగా మార్చడంలో మోసమేమీ లేదు. ఏది కొలిచారో, ఎంత మార్చారో చెప్పకుండా వదిలేయడంతోనే చిక్కు మొదలవుతోంది. అంతరిక్ష ఫొటోల రంగులకూ, ప్రత్యక్ష ప్రసారాలకూ, సైన్స్ ఫిక్షన్ సినిమాలకూ ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది.

ఆ ఫార్వర్డులో ఉన్న నిజమెంత?

‘సూర్యుడి శబ్దాన్ని నాసా రికార్డు చేసింది, అది ఓంకారమే’ అనే వీడియో కొన్నేళ్లుగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. ఒకరు అది ఫేక్ అని కొట్టిపారేస్తారు. ఇంకొకరు నాసా వెబ్‌సైట్‌లోనే సూర్యుడి శబ్దం ఉందంటూ లింకు పెడతారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉండటం వల్ల ఆ వాదన ఎప్పటికీ తెగదు.

సూర్యుడి ఉపరితలం కుదురుగా ఉండదు. లోపల ఉడుకుతూ పొర్లే వాయువుల వల్ల ఒత్తిడి తరంగాలు పుడతాయి. అవి లోపలే అటూ ఇటూ తిరుగుతూ ఉపరితలాన్ని పైకీ కిందికీ ఊపుతుంటాయి. ఒక ఊపుకు పట్టే సమయం సుమారు 5 నిమిషాలు. ఈ కదలికను 1960ల మొదట్లోనే గుర్తించారు. ఒత్తిడి తరంగమంటే ధ్వని తరంగమే కాబట్టి సూర్యుడి లోపల శబ్దం ఉందనడం శాస్త్రపరంగా సరైన మాటే. కాకపోతే ఆ శబ్దం బయటికి రాదు. సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్న 15 కోట్ల కిలోమీటర్లలో దాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చేదేమీ లేదు.

మరి నాసా దగ్గరున్నది ఏమిటి? 1995లో ప్రయోగించిన సోహో అనే వ్యోమనౌక సూర్యుడి ఉపరితలం ఎంత వేగంతో ముందుకు వస్తోందో, వెనక్కి పోతోందో కాంతిలో వచ్చే మార్పును బట్టి కొలిచింది. అంటే అది విన్నది కాదు, చూసింది. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 40 రోజుల కొలతలు తీసుకుని, అనవసరమైన కదలికలను వడకట్టి, మధ్యలో తప్పిపోయిన కొలతల ఖాళీలను పూరించి, మొత్తాన్ని 42,000 రెట్లు వేగంగా నడిపారు. 5 నిమిషాలకు ఒక ఊపంటే సెకనుకు 0.0033 ఊపులు. దాన్ని 42,000తో గుణిస్తే దాదాపు 140 హెర్ట్జ్, అంటే సెకనుకు 140 ఊపులు వస్తాయి. మామూలు మగ గొంతు పలికే స్థాయి అదే. అందుకే ఆ ఆడియో ఎవరో నోరు మూసుకుని గొంతులోనే పలుకుతున్నట్టు గుయ్‌మంటూ సాగుతుంది.

అసలు కిటుకు ఆ 42,000లో ఉంది. ఆ అంకెను ఎంచుకున్నది మనుషులు. అదే కొలతలను 4,20,000 రెట్లు వేగంగా నడిపితే 1,400 హెర్ట్జ్ దగ్గర ఈల వేసినట్టు వినిపిస్తుంది. 4,200 రెట్లతో సరిపెట్టుకుంటే అసలు వినపడదు. కాబట్టి ‘సూర్యుడి స్వరం ఇది’ అని ఒక స్వరాన్ని చూపించడానికి వీల్లేదు. ఏ ఊపు ఎంతసేపు పడుతోంది, ఒకదానితో ఒకటి ఏ నిష్పత్తిలో ఉన్నాయి అనేది మాత్రమే సూర్యుడిది. చాలా వైరల్ క్లిప్పుల్లో ఉండేది ఈ ఆడియో కూడా కాదు, మనుషులు జపించిన ఓంకారాన్ని సూర్యుడి బొమ్మకు జోడించినవి. ఓంకారం మీద భక్తి ఉన్నవారికి నాసా సర్టిఫికెట్ ఎందుకు కావాల్సి వచ్చిందన్నది వేరే చర్చ.

ఈ ఊపులను కొలవడం వెనక అసలు ఉద్దేశం వినోదం కాదు. భూకంప తరంగాలతో భూమి లోపలి పొరలను తెలుసుకున్నట్టే, వీటితో సూర్యుడి లోపల ఏముందో లెక్కగడతారు. అందుకోసం రాత్రి అడ్డు రాకుండా సూర్యుణ్ని ఎప్పుడూ గమనించేలా ప్రపంచం చుట్టూ 6 చోట్ల ఒకే రకం టెలిస్కోపులు పెట్టారు. వాటిలో ఒకటి మన ఉదయ్‌పూర్‌లో ఉంది.

గాలి లేనిచోట శబ్దం ఎక్కడిది?

అంతరిక్షంలో శబ్దం ఉండదని స్కూల్లో చదువుకున్నాం, మరి బ్లాక్ హోల్ శబ్దం ఎలా వచ్చింది? 2022లో చాలామందికి వచ్చిన సందేహమిది. ఆ ఏడాది మే నెలలో పెర్సియస్ గెలాక్సీల గుంపు నడుమ ఉన్న కృష్ణబిలం ‘శబ్దాన్ని’ నాసా విడుదల చేసింది. ఆగస్టులో ట్విట్టర్‌లో మళ్లీ పెట్టాక అది ప్రపంచమంతా చుట్టేసింది. దయ్యాల సినిమా నేపథ్య సంగీతంలా ఉందని కొందరు జడుసుకున్నారు కూడా.

శబ్దానికి గాలే కావాలని లేదు. ఒకదానికొకటి ఒత్తిడిని అందించే కణాలుంటే చాలు. అయితే కణాల మధ్య ఎడం ఎక్కువైతే పొట్టి తరంగాలు నిలవవు. మన గదిలోని గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. భూమి దగ్గరి సౌరగాలిలో అదే చోటులో ఉండేవి 5, 10 కణాలు. అక్కడ ఎంత గట్టిగా అరిచినా, మన గొంతు పుట్టించే మీటరు పొడవు తరంగం లాంటిది పుట్టదు. స్కూల్లో చెప్పింది ఈ అర్థంలో నిజం.

పెర్సియస్ కథ వేరు. అక్కడ గెలాక్సీల మధ్య కోట్ల డిగ్రీల వేడి వాయువు పరుచుకుని ఉంది. నడుమ ఉన్న కృష్ణబిలం నుంచి చిమ్మే ధారలు ఆ వాయువులో బుడగలు ఊది, దాన్ని పక్కలకు నెడుతున్నాయి. ఆ నెట్టుడుకు పుట్టిన అలలను ‘చంద్ర’ అనే అంతరిక్ష ఎక్స్-రే టెలిస్కోపు తీసిన బొమ్మలో 2003లో గుర్తించారు. ఒక అలకూ ఇంకో అలకూ మధ్య దూరం సుమారు 30,000 కాంతి సంవత్సరాలు. అంత పొడవాటి తరంగానికి ఆ పలచటి వాయువే దట్టమైన మాధ్యమం.

ఆ అల ఒకసారి ఊగడానికి దాదాపు కోటి ఏళ్లు పడుతుంది. సంగీతం లెక్కలో చెబితే అది పియానో నడిమి స్వరానికి 57 ఆక్టేవ్‌ల కింద ఉండే బి ఫ్లాట్. ఒక ఆక్టేవ్ పైకి వెళ్తే ఫ్రీక్వెన్సీ రెట్టింపవుతుంది కాబట్టి, 57 ఆక్టేవ్‌లు పైకి తేవడమంటే దాదాపు 1,440 కోట్ల కోట్ల రెట్లు పెంచడం. 2022లో విడుదల చేసిన ఆడియోలో చేసింది ఇదే. దాంతోపాటు 58 ఆక్టేవ్‌లు పెంచిన రూపాన్నీ కలిపారు. బొమ్మ కేంద్రం నుంచి వేర్వేరు దిక్కుల్లో అలలను విడివిడిగా తీసుకుని, రాడార్ ముల్లు తిరిగినట్టు చుట్టూ తిప్పుతూ వినిపించారు.

ఇక్కడ మూలంలో ఉన్నది నిజమైన ధ్వని తరంగమే. కానీ దాన్ని పసిగట్టింది మైకు కాదు, ఒక నిశ్చల చిత్రం. కోటి ఏళ్లకు ఒకసారి ఊగేదాన్ని రికార్డు చేయాలంటే అంతకాలం కూర్చోవాలి. ‘బ్లాక్ హోల్ అరుపు లైవ్ రికార్డింగ్’ అని పేరు పెట్టిన వీడియోలు ఈ చిన్న విషయాన్ని దాటేస్తాయి.

చెవికి అందే ఫ్రీక్వెన్సీయే, కానీ శబ్దం కాదు

వాయేజర్-1 విషయం దీనికి తిరగేసిన కేసు. 1977లో బయల్దేరిన ఆ నౌక 2012 ఆగస్టులో సూర్యుడి ప్రభావ మండలాన్ని దాటి నక్షత్రాల నడిమి ప్రదేశంలోకి అడుగుపెట్టింది. దాటిందన్న సంగతి తేల్చింది ఒక ‘ఆడియో’. చుట్టూ ఉన్న ప్లాస్మాలో, అంటే విద్యుదావేశం ఉన్న కణాల వాయువులో ఎలక్ట్రాన్లు ఊగితే వచ్చే విద్యుత్ స్పందనను దాని యాంటెన్నాలు పట్టుకుంటాయి. ప్లాస్మా ఎంత దట్టంగా ఉంటే ఆ ఫ్రీక్వెన్సీ అంత ఎక్కువ. 2012 చివర్లో ఒకసారి, 2013 వసంతంలో ఇంకోసారి వచ్చిన స్పందనలు 2,000 హెర్ట్జ్ పైన నమోదయ్యాయి. రెండోది మొదటిదానికంటే హెచ్చు స్థాయిలో ఉంది. సూర్యుడి మండలం లోపల ఉండే పలచటి ప్లాస్మాలో అంత ఫ్రీక్వెన్సీ రాదు. నౌక బయటపడిందని 2013 సెప్టెంబరులో ప్రకటించడానికి ముఖ్య ఆధారం ఇదే.

ఆ ఫ్రీక్వెన్సీ మనం మామూలుగా వినగలిగేదే కాబట్టి పెంచాల్సిన పని పడలేదు. నెలల తరబడి వచ్చిన సంకేతాన్ని కొన్ని సెకన్లకు కుదించి స్పీకర్లో వినిపించారు. అయినా వాయేజర్ పక్కన మనిషి చెవి పెట్టినా ఏమీ వినపడదు, ఎందుకంటే ఊగుతున్నది విద్యుత్ క్షేత్రం. రేడియో సెట్టు కూడా విద్యుదయస్కాంత తరంగాన్నే శబ్దంగా మారుస్తుంది కదా అని అడగవచ్చు. పోలిక బాగానే ఉంది. కాకపోతే ఆకాశవాణి స్టూడియోలో మాట్లాడే మనిషి ఒకరుంటారు. వాయేజర్ విషయంలో అవతల ఎవరూ మాట్లాడలేదు.

అదే వాయేజర్‌లో నిజమైన శబ్దాలు కూడా ఉన్నాయి, మనం పంపినవి. బంగారు పూత పూసిన రికార్డులో కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం, 55 భాషల్లో పలకరింపులు పెట్టారు. వాటిలో తెలుగు పలకరింపు ఒకటి.

గురుత్వ తరంగాలదీ, అంటే స్థలమే సాగుతూ కుంచించుకుంటూ పోయే అలలదీ దాదాపు ఇలాంటి పరిస్థితే. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో కేంద్రాలు మొదటిసారి పట్టుకున్న తరంగం 0.2 సెకన్లలో 35 నుంచి 250 హెర్ట్జ్ దాకా ఎగబాకింది. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు చుట్టుకుంటూ ఒకటైపోయినప్పుడు పుట్టిన తరంగమది. ఆ ఊపును స్పీకరుకు ఇస్తే ‘వుప్’ మని పైకి జారే చిన్న కూత వస్తుంది. లైగో దాన్ని ఉన్నదున్నట్టుగానూ, చెవికి తేలిగ్గా పట్టేలా 400 హెర్ట్జ్ పెంచిన రూపంలోనూ విడుదల చేసింది. రెండూ ఎందుకు వేర్వేరుగా ఉన్నాయో వివరణలో రాసింది. ఆన్‌లైన్‌లో ఎక్కువగా తిరిగే కాపీల్లో ఆ వివరణ ఊడిపోయింది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో కట్టనున్న లైగో-ఇండియాకు కేంద్రం 2023లో సుమారు 2,600 కోట్ల రూపాయలతో అనుమతి ఇచ్చింది. అది పని మొదలుపెడితే ఇలాంటి కూతలు ఇక్కడి నుంచీ వస్తాయి.

మైకుతో పట్టినవి

మైకు పెట్టి, వాతావరణంలోని కదలికను నేరుగా పట్టినవి కొన్నే. సోవియట్ వెనెరా నౌకలు 1982లో శుక్రుడి మీద మైకులు పెట్టాయి. ఇప్పుడు అందరికీ తెలిసినవి అంగారకుడివి. 2021 ఫిబ్రవరి 18న దిగిన పర్సెవరెన్స్ రోవర్‌కు రెండు మైకులున్నాయి. గాలి చప్పుడు, చక్రాల కిచకిచ, లేజర్ రాయిని కొట్టినప్పుడు టిక్ టిక్‌మనే శబ్దం అవి పట్టాయి. ఏప్రిల్ 30న ఇంజెన్యూటీ హెలికాప్టర్ ఎగిరినప్పుడు 84 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం అందింది. నిమిషానికి 2,537 సార్లు తిరిగే రెండు రెక్కల లెక్కకు అది సరిగ్గా సరిపోతుంది. అంటే శబ్దం నమ్మదగినదే అనడానికి లెక్కే సాక్ష్యం.

ఆ రికార్డింగులు డల్‌గా, గోడ అవతల నుంచి వచ్చినట్టు ఉంటాయి. అది మైకు లోపం కాదు. అంగారకుడి వాతావరణ పీడనం మనదాంట్లో ఒక శాతం కూడా లేదు. పైగా అందులో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్, అది హెచ్చు ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. శబ్ద వేగం కూడా సెకనుకు 340 మీటర్ల బదులు 240 మీటర్లే. విచిత్రమేమిటంటే 240 హెర్ట్జ్‌కు పైనున్న శబ్దాలు అక్కడ కొంచెం వేగంగా, సుమారు 250 మీటర్ల వేగంతో పోతాయి. అంగారకుడి మీద దూరంగా కచేరీ పెడితే వేణువు ముందూ మృదంగం వెనకా వినపడుతుందన్నమాట, వినపడితే.

అంగారకుడి మొదటి శబ్దం 2018 నాటిదని కొన్ని వీడియోలు, 2021 నాటిదని కొన్ని చెబుతాయి. 2018లో ఇన్‌సైట్ నౌక గాలి కదలికను పట్టింది భూకంపమాపకంతోనూ పీడన సెన్సర్‌తోనూ. దాన్ని వినడానికి ఫ్రీక్వెన్సీ పెంచాల్సి వచ్చింది. దానికి మైకు లేదు.

బొమ్మను పాటగా మార్చితే

2020 నుంచి చంద్ర టెలిస్కోపు బృందం విడుదల చేస్తున్న ఆడియోల్లో చాలావరకు ఇంకో తరహావి. ఉదాహరణకు మన పాలపుంత కేంద్రం బొమ్మను ఎడమ నుంచి కుడికి ఒక గీత దాటుతూ పోతుంది. బొమ్మలో పైనున్న నక్షత్రానికి హెచ్చు స్వరం, ఎక్కువ వెలుగుకు ఎక్కువ గట్టిదనం. ఏ టెలిస్కోపు బొమ్మకు ఏ వాద్యం అన్నది బృందం ఎంపిక. ఇక్కడ మూలంలో ధ్వని తరంగం కూడా లేదు, వెలుగును స్వరాలుగా రాసిన స్వరలిపి ఇది.

అయితే ఇది కాలక్షేపమా? అలా తీసిపారేయడానికి లేదు. చూపు కోల్పోయిన ఖగోళ శాస్త్రవేత్త వాండా డియాజ్-మెర్సెడ్ తన పరిశోధనకు కావలసిన కొలతలను ఇలా శబ్దంగా మార్చుకునే పని చేశారు. గ్రాఫులో కంటికి జారిపోయే చిన్న మార్పు చెవికి దొరకవచ్చన్నది ఈ పద్ధతి వెనకున్న ఆలోచన. చూపు లేనివారికి అంతరిక్ష చిత్రాలు అందడానికీ ఇదే దారి.

రంగులదీ, లైవ్‌దీ ఇదే తీరు

కంటికి కూడా ఇలాగే జరుగుతుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూసేది ముఖ్యంగా ఇన్‌ఫ్రారెడ్ కాంతిని, అది మనకు కనపడదు. 2022 జులైలో వచ్చిన మొదటి చిత్రాల్లో పొడవాటి తరంగాలకు ఎరుపు, పొట్టివాటికి నీలం ఇచ్చి, క్రమం చెడకుండా కిందికి దించారు. 2019 ఏప్రిల్‌లో వచ్చిన తొలి కృష్ణబిలం చిత్రం 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలతో తీసింది. అందులోని నారింజ రంగు శాస్త్రవేత్తలు ఎంచుకున్నదే.

చంద్రయాన్-3 రోజు తలెత్తిన అయోమయం ఇంకా ఆసక్తికరం. 2023 ఆగస్టు 23 సాయంత్రం ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకేసారి 80 లక్షలమందికి పైగా చూశారు. తెరపై దిగుతున్న విక్రమ్ బొమ్మ యానిమేషన్. పక్కనే మారుతున్న ఎత్తు, వేగం అంకెలు మాత్రం నిజంగా అక్కడి నుంచి వస్తున్నవి. దిగే ఆ నిమిషాల్లో కెమెరాల పని మనకు సినిమా చూపించడం కాదు, గుంతలూ రాళ్లూ లేని చోటు వెతకడం. దిగేటప్పుడు ల్యాండర్ కెమెరా తీసిన వీడియోను ఇస్రో మర్నాడు విడుదల చేసింది. 1969లోనే చంద్రుడి నుంచి లైవ్ చూపించారు కదా అనే ప్రశ్న వస్తుంది. అపోలో ప్రసారం సెకనుకు 10 ఫ్రేములతో, 320 గీతలతో నడిచింది. దాన్ని అందుకోవడానికి ఆస్ట్రేలియాలోని 64 మీటర్ల పార్క్స్ డిష్ లాంటి భారీ యాంటెన్నాలు వాడారు. పైగా అది వ్యోమగాములు దిగి స్థిరపడ్డాక జరిగిన ప్రసారం.

సినిమా అలవాటు చేసిన చెవి, కన్ను

అంతరిక్షం ఎలా వినిపించాలో చాలామందికి ముందే ఒక ఊహ ఉంటుంది. అది సినిమాల నుంచి వచ్చింది. శూన్యంలో పేలుడుకు శబ్దం ఉండదని దర్శకులకు తెలియక కాదు, థియేటర్లో ఒక్కసారిగా నిశ్శబ్దం వస్తే సౌండ్ సిస్టమ్ పోయిందనుకునే ప్రమాదముంది. 2013లో వచ్చిన ‘గ్రావిటీ’ మధ్యే మార్గం పట్టింది. వ్యోమగామి తాకిన వస్తువు నుంచి సూటులోకి పాకే అదురు మాత్రమే వినిపించి, మిగతా ఉత్కంఠను సంగీతానికి వదిలింది.

బొమ్మ విషయంలో 2014 నాటి ‘ఇంటర్‌స్టెల్లార్’ది పెద్ద పాత్ర. అందులోని కృష్ణబిలాన్ని భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ ఇచ్చిన సమీకరణాలతో గీశారు. లైగో స్థాపకుల్లో ఒకరైన ఆయనకే 2017లో నోబెల్ వచ్చింది. అయినా సినిమాలో ఒక మార్పు చేశారు. చుట్టూ తిరిగే పదార్థం మనవైపు వచ్చే పక్క బాగా వెలుగుతూ, దూరమయ్యే పక్క మసకగా ఉండాలి. ప్రేక్షకులు తికమకపడతారని ఆ తేడాను తీసేశారు. ఆ సంగతిని 2015లో ప్రచురించిన పరిశోధన పత్రంలో వాళ్లే రాశారు. 2019 నాటి అసలు చిత్రంలో ఉంగరం ఒకవైపే ఎక్కువ వెలుగుతూ కనిపించింది. ‘సినిమాలోదే బాగుంది’ అన్నవారికి తెలియకుండానే ఆ తేడా తగిలింది.

ఇప్పుడు రాబోయే సైన్స్ ఫిక్షన్ సినిమాల చుట్టూ ఇంకో పొర చేరింది. అధికారిక ట్రైలర్ రాకముందే ఏఐతో చేసిన ‘ట్రైలర్లు’ వస్తున్నాయి. వాటి ముక్కలు నాసా దృశ్యాల పేరుతో వేరే చానెళ్లలో తేలుతున్నాయి. తెలుగులోనూ ‘అంతరిక్షం’, ‘కల్కి 2898 ఏడీ’ తర్వాత ఈ తరహా సినిమాలకు ఆసక్తి పెరిగింది కాబట్టి ఇక్కడా ఆ వరద తప్పదు.

ఇంత వెల్లువ ఎందుకు?

ముఖ్య కారణం సాదాసీదాది: నాసా చిత్రాలకూ ఆడియోకూ సాధారణంగా కాపీరైట్ ఉండదు. ఎవరైనా తీసుకుని, కింద ఒక సింథసైజర్ ధ్వని సాగదీసి, నిద్రపోయేటప్పుడు వినడానికని ఎనిమిది గంటల వీడియో చేయవచ్చు. దృశ్యానికి ఖర్చు లేదు, వినేవారు రాత్రంతా ఆపరు.

వాటిలో ‘432 హెర్ట్జ్ విశ్వ స్వరం’ రకం మరీ ఎక్కువ. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్నిసార్లు అని. సెకను మనుషులు పెట్టుకున్న కొలత, కాబట్టి సెకనుకు 432 అనే అంకె విశ్వానికి ప్రత్యేకం కావడానికి ఆధారం లేదు. పాశ్చాత్య వాద్యాలు 440కి శ్రుతి చేసుకోవడం కూడా 1955 నాటి అంతర్జాతీయ ప్రమాణం, ప్రకృతి నియమం కాదు. కర్ణాటక సంగీతంలో గాయకులు తమ గొంతుకు నప్పే శ్రుతి పెట్టుకుంటారు, ఒకరిది ఒకటిన్నర అయితే ఇంకొకరిది అయిదున్నర. ‘భూమి గుండె చప్పుడు 7.83 హెర్ట్జ్’ అనే వీడియోల్లోని అంకె నిజమే. మెరుపుల వల్ల నేలకూ, పై వాతావరణంలో విద్యుదావేశ కణాలుండే అయనోస్ఫియర్ పొరకూ మధ్య పుట్టే విద్యుదయస్కాంత తరంగమది. కానీ అది శబ్దం కాదు, 20 హెర్ట్జ్ కంటే తక్కువ కాబట్టి మనిషి చెవికి స్వరంగా అందదు, ఫోన్ స్పీకర్ దాన్ని పలకనూ లేదు. ఆ వీడియోలో వినిపించేది తప్పనిసరిగా మరేదో అయి ఉంటుంది. మనసుకు హాయిగా ఉంటే వినడానికి ఇబ్బందేమీ లేదు, అది చేసిన మనిషి ప్రతిభకు ఆ పేరు దక్కాలంతే.

లేబుళ్లు దీన్ని సరిచేస్తాయా? నిజమని పొరబడేంత సహజంగా ఉండే కృత్రిమ దృశ్యాలకు ఆ సంగతి చెప్పాలని యూట్యూబ్ 2024 మార్చిలో నిబంధన తెచ్చింది. ఏఐ ట్రైలర్లకూ, ఉత్తుత్తి ల్యాండింగ్ వీడియోలకూ అది కొంత అడ్డు. కానీ అసలు కొలతల నుంచే చేసిన ఆడియో ఆ నిబంధన కిందికి తేలిగ్గా రాదు, యానిమేషన్‌కూ మినహాయింపు ఉంది. సూర్యుడి 42,000 రెట్లు, పెర్సియస్ 57 ఆక్టేవ్‌లు లాంటి వివరాలు మూల సంస్థ పేజీలో మాత్రమే దొరుకుతాయి. నాసా, లైగో సాధారణంగా తమ ఆడియోలతోపాటు ఈ లెక్క రాస్తాయి. కాపీ చేసిన చానెల్ వివరణలో ఆ వాక్యం ఉందో లేదో చూడటానికి అర నిమిషం చాలు.